సర్‌ప్లస్ అంటే పనికిరానిది కాదు

సుభాష్‌పల్లిలో పెరిగిన మాకు "సర్‌ప్లస్" అనే మాట బడికి రాకముందే తెలుసు. మా అయిదుగురిలో ఒకరి తాతగారు ఆవిరి ఇంజన్ల షెడ్డులో ఫిట్టరు. ఆవిరి ఇంజన్లు ఒక్కొక్కటిగా ఆగిపోతున్న రోజుల్లో ఆయన పేరు సర్‌ప్లస్ జాబితాలోకి ఎక్కింది. ఆ కాగితం ఇంటికి వచ్చిన రోజు నానమ్మగారు అన్నం తినలేదని ఇప్పటికీ చెబుతారు. తరువాత తాతగారిని ఎలక్ట్రికల్ వైపు పంపారు. నలభై ఏళ్ళు దాటిన వయసులో కొత్త పని నేర్చుకుని, మరో పదిహేనేళ్ళు చేసి రిటైరయ్యారు. "సర్‌ప్లస్ అంటే పనికిరాడని కాదురా. ఆ సీట్లో పని లేదని" అంటారాయన.

మా టింకరింగ్ ల్యాబు గురించి మేము చెప్పదలచుకున్నది కూడా ఇదే. కంప్యూటర్ గదిలో పాడైన ప్రింటర్లు, ఆఫీసులో మూలపడిన ఫ్యాక్సు, స్కానరు, ఇంటి దగ్గర ఆగిపోయిన యంత్రాలు, వీటన్నిటిలోనూ మంచి మోటార్లు ఉన్నాయి. యంత్రం చచ్చింది కాని మోటారు బతికే ఉంది. అలాంటి మోటార్లను తీసి, వాటికి కొంచెం చదువు చెప్పి, కంప్యూటర్ చెప్పినట్టు గీసే, చెక్కే చిన్న సీఎన్‌సీ యంత్రాలకు సర్వో మోటార్లుగా వాడాలని మా అభిప్రాయం. కొత్త కిట్టు కొనడం ఆ తరువాతి సంగతి. ఎందుకు అలా అనుకుంటున్నామో, ఎక్కడ దెబ్బతిన్నామో చెబుతాం.

మొదట సర్వో అంటే ఏమిటో చూద్దాం. మామూలు మోటారుకు కరెంటు ఇస్తే తిరుగుతుంది, తీస్తే ఆగుతుంది. ఎంత తిరిగిందో దానికీ తెలియదు, మనకూ తెలియదు. సర్వో అలా కాదు. "పది మిల్లీమీటర్లు కుడికి వెళ్ళు" అంటే వెళ్ళి, వెళ్ళానో లేదో తిరిగి చెబుతుంది. ఇంకా దూరం ఉంటే మళ్ళీ కదులుతుంది, దాటిపోతే వెనక్కి వస్తుంది. లాటిన్‌లో సేవకుడు అనే మాట నుంచి ఈ పేరు వచ్చింది.

రైల్వే పిల్లలకు ఇది అర్థం చేసుకోవడం కష్టం కాదు. యార్డులో షంటింగ్ చూడని వాళ్ళు మనలో ఎవరు? ఇంజను వెనక్కి వచ్చి పెట్టెకు తగలాలి. డ్రైవరుకు ఆ చివర కనపడదు. కింద పాయింట్స్‌మన్ నిలబడి చేతి జెండాతో ఇంకా రా, మెల్లగా, ఆగు అని చెబుతుంటాడు. ఆ జెండా లేకపోతే ఇంజను ముందే ఆగిపోతుంది, లేదా పెట్టెను గుద్దేస్తుంది. సర్వోలో మోటారు ఇంజను అయితే, చిన్న కంప్యూటర్ బోర్డు డ్రైవరు. పాయింట్స్‌మన్ పని చేసేది ఎన్‌కోడరు. అది సన్నని గీతలున్న ఒక పారదర్శకమైన చక్రం గాని, పట్టీ గాని. గీతలు ఒక వెలుగు కన్ను ముందు నుంచి పోతుంటే బోర్డు వాటిని లెక్కపెడుతుంది. కన్నులో రెండు సంకేతాలు, ఏ, బీ అని, కొంచెం ముందు వెనకలుగా వస్తాయి. ఏది ముందు వచ్చిందో చూసి మోటారు ఏ దిక్కుకు తిరుగుతోందో తెలుసుకోవచ్చు. ఈ రెండింటి వల్ల ఒక్కో గీతకు 4 లెక్కలు వస్తాయి.

ఇప్పుడు పాత ఇంక్‌జెట్ ప్రింటరు మూత తీసి చూడండి. ఇంకు పెట్టె అటూ ఇటూ తిరిగే దారి పొడవునా ఒక పలచని పట్టీ కట్టి ఉంటుంది. చాలామంది దాన్ని మురికి అనుకుని తుడిచి పాడుచేస్తారు. అదే ఎన్‌కోడరు. అంగుళానికి 150 గీతలున్న పట్టీ అయితే, 4 లెక్కల చొప్పున అంగుళానికి 600. అంటే ఒక్కో లెక్క సుమారు 0.04 మిల్లీమీటరు. కాగితం లాగే వైపు ఇంకో మోటారు, దానికి గీతల చక్రం. అంటే పారేసిన ఒక్క ప్రింటరులో రెండు సర్వోలకు కావలసిన సరుకంతా తయారుగా ఉంది. దాన్ని తయారుచేసిన ఇంజనీర్లు మనకంటే ముందే లెక్క కట్టి అమర్చి పెట్టారు. మనం దాన్ని ఇనప సామాను వాడికి తూకానికి ఇస్తున్నాం.

ఇలాంటి యంత్రాలకు కిట్టుల్లో వచ్చేది స్టెప్పర్ మోటారు. దాని మీద మాకు కోపం ఏమీ లేదు. ఒక చుట్టుకు 200 అడుగులు వేస్తుంది. చుట్టుకు 8 మిల్లీమీటర్లు జరిపే మరకు బిగిస్తే అడుగుకు 0.04 మిల్లీమీటరు. అంటే మా ప్రింటరు పట్టీకి, దానికి సూక్ష్మతలో తేడా లేదు. స్టెప్పరు ధర కూడా ఇప్పుడు కొన్ని వందల రూపాయలే. అయితే తేడా ఎక్కడ? స్టెప్పరు అడుగు వేశానని నమ్ముతుంది, చూసుకోదు. దారిలో ఏదైనా అడ్డం వస్తే గుర్రుమంటుంది, ఆ అడుగులు పోతాయి. ఆ తరువాత గీసినదంతా పక్కకు జరిగిపోతుంది. యంత్రానికి మాత్రం అంతా సరిగ్గానే ఉన్నట్టు లెక్క. సర్వోను చేత్తో పక్కకు తోసి చూడండి. అది మీ చేతిని వెనక్కి తోస్తుంది. వదిలేస్తే తన చోటికి తిరిగి వస్తుంది. ఇది చూపించినప్పుడు ఆరో తరగతి పిల్లలు వరసలో నిలబడి ఒకరి తరువాత ఒకరు తోసి చూశారు. మేము నెల రోజులు పాఠం చెప్పినా అంత అర్థం అయ్యేది కాదు.

మా లెక్కలో అసలు కారణం ఇదే. కిట్టు కొంటే యంత్రం వస్తుంది, అది ఎందుకు పనిచేస్తుందో రాదు. పాత మోటారుతో మొదలుపెడితే ప్రతి ప్రశ్నా మనమే వేసుకోవాలి. దీనికి ఎన్ని ఓల్టులు? ఏ తీగ ఏది? ఎంత వేగం? మోటారు మీద చీటీ ఉండదు, ఉన్నా అంతర్జాలంలో దొరకదు. అయినా దాన్ని అడగవచ్చు. ఇరుసును వేళ్ళతో తిప్పండి, మెల్లగా తిరుగుతుంది. రెండు తీగలనూ ఒకదానికొకటి తాకించి మళ్ళీ తిప్పండి. బరువుగా, నూనెలో తిప్పినట్టు తిరిగితే అది శాశ్వత అయస్కాంతం ఉన్న డీసీ మోటారు, బ్రష్షులు కూడా బాగున్నాయన్నమాట. తిప్పుతుంటే అది కరెంటు పుట్టిస్తోంది. ఆ కరెంటే తిరగడాన్ని అడ్డుకుంటోంది. మల్టీమీటరు పెడితే ఎన్ని ఓల్టులు పుట్టిందో కనబడుతుంది. చుట్టుకు ఎన్ని ఓల్టులో తెలిస్తే, ఫలానా ఓల్టేజీకి ఎంత వేగం వస్తుందో లెక్క కట్టవచ్చు. పన్నెండో తరగతి భౌతికశాస్త్రంలో లెంజ్ నియమం పేరుతో చదివేది మా వేళ్ళకు తొమ్మిదిలోనే తెలిసింది.

అన్ని మోటార్లూ పనికిరావు. ఇది కూడా తిప్పి చూస్తేనే తెలిసింది. సీలింగ్ ఫ్యాను మోటారులో శాశ్వత అయస్కాంతం లేదు, అది కెపాసిటరుతో నడిచే ఏసీ మోటారు. మిక్సీ మోటారుకు డీసీ ఇచ్చినా తిరుగుతుంది కాని, తీగలు తారుమారు చేసినా అదే దిక్కుకు తిరుగుతుంది. ఎందుకంటే దానిలో రెండు చుట్లూ ఒకేసారి తారుమారవుతాయి. కారు వైపరు మోటారుకు బలం ఉంది, దాని పళ్ళ చక్రాల్లో వదులు కూడా ఉంది. పైగా అది ఒక దిక్కుకు తిరిగినంత చక్కగా రెండో దిక్కుకు తిరగదు. పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరులో మంచి మోటార్లుంటాయి, అవి స్టెప్పర్లు. ట్రెడ్‌మిల్ మోటారు బలమైన డీసీ మోటారే, కాని అది ఇంటి కరెంటు స్థాయి ఓల్టేజీ మీద నడుస్తుంది. పెద్దలు పక్కన లేకుండా దాని జోలికి పోకూడదు. గోల్‌బజార్‌లో టీవీలు బాగుచేసే కాకు ఒకాయన మాకు ముందే చెప్పారు: "ప్లగ్గు తీసినా పవర్ సప్లై కెపాసిటరులో కరెంటు కాచుకుని ఉంటుంది బాబూ, దాన్ని ముట్టుకోకండి. మైక్రోవేవ్ అసలు విప్పకండి." ఆ మాట మేము ల్యాబు తలుపు మీద మూడు భాషల్లో రాసి అంటించాం.

ఈ ఆలోచన మాది కాదు, కొత్తదీ కాదు. అమెరికాలో జాన్ పార్సన్స్ అనే ఆయన హెలికాప్టర్ రెక్కలు తయారుచేసే పనిలో, అంకెలతో యంత్రాన్ని నడపవచ్చునని అనుకున్నాడు. ఎంఐటీలోని సర్వోమెకానిజమ్స్ ల్యాబొరేటరీ 1952లో అలాంటి మిల్లింగ్ యంత్రాన్ని పనిచేయించి చూపించింది. అంటే అంకెలతో నడిచే యంత్రాల పుట్టుకే సర్వోల ల్యాబులో జరిగింది. తరువాతి కాలంలో అక్కడి ప్రభుత్వ సంస్థ ఒకటి రాసిన నియంత్రణ ప్రోగ్రాం అందరికీ ఉచితంగా అందింది. ఇప్పుడు దాని పేరు లైనక్స్ సీఎన్‌సీ. పాత కంప్యూటర్ల టేపు యంత్రాల మోటార్లు, ఫ్యాక్టరీలు వదిలించుకున్న మోటార్లు కొని ఇళ్ళలో యంత్రాలు కట్టుకున్నవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. ఆర్డ్యునో ఉనో లాంటి చిన్న బోర్డు మీద నడిచే జీఆర్‌బీఎల్ అనే ప్రోగ్రాం వచ్చాక ఈ పని పిల్లల చేతికి కూడా అందింది.

మన ఊరికైతే ఇది ఇంకా దగ్గరి సంగతి. మన వర్క్‌షాపు దేశంలోని పెద్ద రైల్వే వర్క్‌షాపుల్లో ఒకటి. అక్కడ ఏ పెట్టెనూ పాతదని పారెయ్యరు. పీఓహెచ్‌కి తెచ్చి, విప్పి, అరిగినది మార్చి, మళ్ళీ పట్టాల మీదికి పంపుతారు. తీగ మాడిన మోటారుకు కొత్త తీగ చుట్టి పనిలో పెట్టడం రైల్వేలో రోజువారీ పని. ప్లాట్‌ఫారం మీద మనం చూసే డబ్ల్యూఏపీ-7 ఇంజనులో 6 మోటార్లు ఉంటాయి, ఒక్కొక్కటి 850 కిలోవాట్లు. అవి ఎంత వేగంగా తిరుగుతున్నాయో చెప్పే సెన్సార్లు వాటికీ ఉన్నాయి. బ్రేకు వేసినప్పుడు ఆ మోటార్లే జనరేటర్లుగా మారి కరెంటును పై తీగలోకి తిరిగి పంపుతాయి. మా బల్ల మీది చిన్న మోటారు కూడా టక్కున ఆపితే కరెంటును వెనక్కి తోస్తుంది. మొదట్లో మా పవర్ సప్లై ఎందుకు ఊరికే ఆగిపోతోందో తెలియక వారం రోజులు తల పట్టుకున్నాం. తాతగారు వచ్చి చూసి, "మీ ఇంజను బ్రేకు వేస్తోంది, ఆ కరెంటు తీసుకునే దిక్కేది?" అన్నారు. ఒక పెద్ద కెపాసిటరు కట్టాక ఆ జబ్బు పోయింది.

ఐఐటీ మాట కూడా చెప్పాలి. అది 1951లో హిజ్లీలో మొదలైంది. కొత్తగా కట్టిన మేడలో కాదు, బ్రిటిష్ వాళ్ళు స్వాతంత్ర్య యోధులను నిర్బంధించిన శిబిరం భవనంలో. 1931 సెప్టెంబరు 16న అక్కడ జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఖైదీలు చనిపోయారు. ఆ భవనం ఇప్పుడు నెహ్రూ మ్యూజియం ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీ. జైలు గోడల మధ్య దేశపు మొదటి ఐఐటీని నడిపిన ఊళ్ళో, ప్రింటరు మోటారును ఇంకో పనికి వాడడం ఎవరికీ వింత అనిపించకూడదు.

ఇక మేము కట్టిన యంత్రం గురించి. అది పెన్నుతో బొమ్మలు గీసే ప్లాటరు. ఒక ప్రింటరు బండి అడ్డంగా కదులుతుంది. ఇంకో ప్రింటరులోని కాగితం మోటారు, బెల్టుతో బల్లను నిలువుగా జరుపుతుంది. ఒక్కో మోటారుకు ఒక్కో బోర్డు, ఆ రెండింటికీ ఆజ్ఞలిచ్చేది మూడో బోర్డు. నడిపే సూత్రం పీఐడీ. మళ్ళీ షంటింగే: ఎంత దూరం ఉంటే అంత వేగంగా రావడం పీ. దగ్గరపడిన కొద్దీ బ్రేకు వేసుకోవడం డీ. చివర్లో రాపిడి వల్ల వెంట్రుక వాసిలో ఆగిపోతే, ఆ కొరతను పోగు చేసుకుంటూ కొంచెం కొంచెంగా నెట్టడం ఐ. పీ మరీ ఎక్కువ పెడితే బండి అటూ ఇటూ ఊగి మూలుగుతుంది. డీ తక్కువైతే దాటిపోతుంది. ఈ మూడు అంకెలు కుదరడానికి మాకు చలికాలమంతా పట్టింది.

కుదిరాయో లేదో తెలుసుకోవడానికి వృత్తం గియ్యాలి. గీతకు ఒక మోటారు చాలు, వృత్తానికి రెండూ ఒకే లయలో కదలాలి. ఒకటి వెనకబడితే వృత్తం వాలిన కోడిగుడ్డు అవుతుంది. రాపిడి ఎక్కువైతే గడియారంలో 12, 3, 6, 9 అంకెలుండే చోట్ల చదును పడుతుంది, ఎందుకంటే అక్కడ ఏదో ఒక మోటారు ఆగి వెనక్కి తిరుగుతుంది. మాలో ఒకరు "వృత్తం ఎందుకు, 'అ' రాయిద్దాం" అన్నారు. నిజమే. హిందీకి, బాంగ్లాకు పైన తిన్నని గీత ఉంటుంది, అది ఏ మోటారైనా గీస్తుంది. తెలుగు అక్షరాల్లో తిన్నని గీత ఎక్కడుంది? అంతా మలుపులే. మా యంత్రానికి పెట్టగల అసలు పరీక్ష మా అక్షరాలే. మొదటి 'అ' నలిగిన జిలేబీలా వచ్చింది. ఇరవయ్యో, ముప్పయ్యోది చదవగలిగేలా వచ్చింది. అందులో ఇంకో సంగతి కూడా ఉంది. మాలో ఇద్దరికి తెలుగు మాట్లాడడమే వచ్చు, రాయడం రాదు. బడిలో మనకు తెలుగు లేదు కదా. అక్షరం ఎక్కడ మొదలై ఎటు తిరుగుతుందో యంత్రానికి చెప్పడం కోసం వాళ్ళు ముందు తాము నేర్చుకోవలసి వచ్చింది. ఈ వ్యాసంలో కొన్ని పేరాలు వాళ్ళు రాసినవే.

ఇప్పుడు మా తప్పు. ఆ యంత్రం తీగలన్నీ కట్టింది మాలో ఒక అమ్మాయి. ఏ తీగ ఏదో ఆమెకు నోటికి వచ్చు. ఎవరూ రాసి పెట్టుకోలేదు. అక్టోబరులో వాళ్ళ నాన్నగారికి బిలాస్‌పూర్ బదిలీ అయింది. పది రోజుల్లో టీసీ తీసుకుని వెళ్ళిపోయింది. మిగిలిన వాళ్ళం బల్ల జరుపుతుంటే ఎన్‌కోడరు తీగలు ఊడాయి. తెలిసినట్టే మళ్ళీ పెట్టాం. ఏ, బీ తారుమారయ్యాయి. స్విచ్చి వేసి కుడికి వెళ్ళమనగానే బండి ఆగవలసిన చోట ఆగకుండా అదే దిక్కున దూసుకుపోయింది. ఎందుకంటే కుడికి కదిలిన కొద్దీ "ఎడమకు పోతున్నావు" అని కబురు వస్తోంది, దాన్ని సరిదిద్దుకోవడానికి ఇంకా కుడికి పోతోంది. పాయింట్స్‌మన్ ఎర్ర జెండా ఊపవలసిన చోట పచ్చ జెండా ఊపినట్టు. చివరి గోడకు గుద్దుకుని పట్టీ తెగింది, బండి పగిలింది. "చూపు ఎక్కువ తేడా వస్తే మోటారు ఆగిపోవాలి" అనే నాలుగు వరసల ప్రోగ్రాం రాసి ఉంటే ఆ నష్టం ఉండేది కాదు. మళ్ళీ ఇంకో ప్రింటరు దొరికి, బిలాస్‌పూర్ నుంచి ఆమె వీడియో కాల్‌లో "నీలం తీగ ఏ, తెల్లది బీ" అని చెబుతుంటే కట్టుకునేసరికి సంక్రాంతి వచ్చింది.

మన లాంటి పిల్లలకు ఇది పెద్ద పాఠం. కేంద్రీయ విద్యాలయాలు పుట్టిందే బదిలీలయ్యే ఉద్యోగుల పిల్లల కోసం. మనం ఏ ఊళ్ళో ఎన్నేళ్ళు ఉంటామో మనకు తెలియదు. అందుకే చాలామంది పెద్ద పని మొదలుపెట్టరు. "ఎలాగూ వెళ్ళిపోతాం కదా" అంటారు. మేము దానికి ఒప్పుకోం. వెళ్ళిపోయేవాళ్ళే ముందు రాసి పెట్టాలి. రైల్వేలో ఛార్జి అప్పగించకుండా ఎవరూ సీటు వదలరు. మనం ఎందుకు వదలాలి?

మాకు ఎదురు చెప్పినవాళ్ళ మాటలు కూడా న్యాయంగా చెప్పాలి. మా సారు ఒకరు అన్నారు: "పాత మోటారు మీద మీరు పెట్టిన సమయం లెక్క కడితే కిట్టే చవక. బోర్డు పరీక్షలున్న పిల్లలకు అంత తీరిక ఎక్కడిది?" ఆ మాట నిజమే. త్రీడీ ప్రింటరులాంటి పనికి, తొందరగా కావలసిన ప్రాజెక్టుకు స్టెప్పరు కిట్టు కొనడమే మంచిది. ఒకేలాంటి పది యంత్రాలు కావాలంటే ఒకేలాంటి పది పాత మోటార్లు దొరకవు. ప్రమాదం ఉందన్న మాట కూడా నిజమే. అందుకే ప్రతి కిట్టునూ మానెయ్యమని మేము అనడం లేదు. ఏడాదికి ఒక్క యంత్రమైనా పాత మోటారుతో కట్టాలంటున్నాం. అటల్ టింకరింగ్ ల్యాబులు 2016 నుంచి వస్తున్నాయి, ఒక్కో ల్యాబుకు 20 లక్షల రూపాయల వరకు సాయం ఉంది. ఆ డబ్బుతో కొన్న పెట్టెలు మూత తియ్యకుండా అలమరాలో ఉండి, పక్క గదిలో ప్రింటర్లు దుమ్ము పడుతుంటే టింకరింగ్ అనే పేరుకు అర్థం లేదు.

ఇంకో ముఖ్యమైన మాట. పాత మోటారు అనగానే మన పిల్లల చూపు యార్డు వైపు, షెడ్డు వెనక తుక్కు గుట్టల వైపు పోతుంది. అక్కడ ఒక్క నట్టు కూడా ముట్టుకోకూడదు. అది తుక్కే కాని రైల్వే ఆస్తి. వేలంలో అమ్ముతారు. దాన్ని అక్రమంగా దగ్గర పెట్టుకుంటే 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం కింద నేరం. పైగా మన నాన్నల ఉద్యోగాలకే మచ్చ. మన ఇంట్లో, బడిలో, ఇరుగు పొరుగున, అడిగి తెచ్చుకున్న వాటిలోనే కావలసినన్ని ఉన్నాయి.

బడి సామానుకూ నియమాలున్నాయి. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలు పాటించే 2017 నాటి జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో, ఒక వస్తువును సర్‌ప్లస్ అనిగాని, పాతబడిందనిగాని, పనికిరాదనిగాని ప్రకటించాలంటే కారణం రాయాలని ఉంది. ఈ మూడూ వేరు వేరు మాటలు. స్టోరు గదిలో మాత్రం మూడింటికీ ఒకటే మూల. ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్తగా అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం ఇలాంటి సామాను నమోదైన రీసైక్లింగ్ సంస్థలకే చేరాలి, వీధిలో కాల్చి రాగి తీసేవాళ్ళకు కాదు. మేము దాన్ని కాదనడం లేదు. అక్కడికి పంపే ముందు, బతికి ఉన్న మోటారును ఒక గది నుంచి ఇంకో గదికి బదిలీ చెయ్యమంటున్నాం. రిజిస్టరులో ఒక వరస రాస్తే చాలు.

మా బడి పెద్దలను మేము కోరేది మూడు పనులు. ఒకటి, ఏటా సామాను కండెమ్ చేసే కమిటీ కూర్చునే ముందు, ల్యాబు సారుతో పాటు మమ్మల్ని ఒక్కరోజు స్టోరు గదిలోకి రానివ్వండి. ఏది బతికుందో చూసి, జాబితా రాసి, సంతకం పెట్టి తీసుకుంటాం. మిగిలినది రీసైక్లింగ్‌కు పంపండి. రెండు, ప్రతి యంత్రానికి ఒక ఛార్జి పుస్తకం ఉండాలి. ఏ తీగ ఏది, ఏ అంకె ఎంత, ఏది ఎప్పుడు చెడింది, అన్నీ అందులో ఉండాలి. టీసీ తీసుకునే ముందు గ్రంథాలయం నో డ్యూస్ అడిగినట్టు ల్యాబు కూడా ఆ పుస్తకం అడగాలి. మూడు, విప్పేటప్పుడు పెద్దవాళ్ళు ఒకరు తప్పక ఉండాలి. రిటైరైన ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు ఈ ఊళ్ళో ఇంటింటా ఉన్నారు. నెలకు ఒక శనివారం రమ్మంటే వాళ్ళు కాదనరు.

ఈ మూడో కోరిక మాకు అన్నిటికంటే ముఖ్యం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మా ముత్తాతలు ఈ ఊరికి వచ్చారు. 1927, 28 సంవత్సరాల్లో ఇక్కడి రైల్వే కార్మికులు ఉద్యోగాల తొలగింపుకు ఎదురు నిలిచారు. అప్పుడు వాళ్ళకు నాయకత్వం వహించిన వి.వి. గిరిగారు తరువాత మన రాష్ట్రపతి అయ్యారు. మనిషిని మిగులు అని తీసెయ్యడాన్ని మా పెద్దలు ఒప్పుకోలేదు. ఇప్పుడు ఆ పెద్దల పిల్లలు రిటైరై, వరండాలో పేపరు చదువుకుంటూ కూర్చున్నారు. వాళ్ళ చేతుల్లో ఉన్న విద్య ఏ కిట్టులోనూ రాదు. తాతగారు మా మోటారు ఇరుసును రెండు వేళ్ళతో ఒక్కసారి తిప్పి "ఒక బ్రష్షు అరిగింది" అన్నారు. విప్పి చూస్తే నిజంగానే అరిగింది. ఆ విద్య రాసుకోవడానికి మన దగ్గర ఉన్న సమయం తక్కువ. వచ్చే బదిలీ ఉత్తర్వు ఎవరి ఇంటికి వస్తుందో తెలియదు.

మా ప్లాటరు ఛార్జి పుస్తకం ఇప్పుడు ల్యాబులో రెండో అరలో ఉంది. నీలం తీగ ఏ, తెల్ల తీగ బీ అని మొదటి పేజీలోనే, తెలుగులో, హిందీలో, బాంగ్లాలో రాశాం. మేము ఇక్కడ ఉన్నా లేకపోయినా తీసి చదవండి. మీ ఇంట్లో ఆగిపోయిన ప్రింటరు ఉంటే, తూకానికి వేసేముందు అమ్మానాన్నలను అడిగి, వచ్చే శనివారం తీసుకురండి.